ముడిచూర్, వరదరాజపురం వైపు స్థలం: అడయారు వరద ముప్పు ఎలా లెక్కేయాలి?

పడప్పై_రోడ్

నాకు ఒరగడంలో ఉద్యోగం, మా ఆవిడకి తాంబరంలో స్కూలు. రెండింటికీ మధ్యలో ఉంటుందని చెన్నై శివార్లలో, అడయారు నది పక్కన వరదరాజపురంలో అర గ్రౌండ్ (1,200 చదరపు అడుగులు) స్థలం చూశాం. పట్టా బాగానే ఉంది, ఈసీ తీశాం. రేటు తూర్పు తాంబరం కంటే చాలా తక్కువ. ఎందుకు తక్కువో అందరికీ తెలుసు.

ఓనరేమో "2015లో తప్ప ఎప్పుడూ రాలేదు సార్, అది వందేళ్ళకోసారి వచ్చే వరద, మన జన్మలో మళ్ళీ చూడం" అంటున్నాడు. బ్రోకరు కొత్త కాలువ చూపించి, నది వెడల్పు చేశారు, ఇక భయం లేదంటాడు. ఆఫీసులో తమిళ మిత్రులు ఆ ఊరి పేరెత్తితేనే వద్దంటున్నారు. లోను కోసం వచ్చిన వాల్యుయేషన్ మనిషి కొలతలు వేసుకున్నాడు, ఫోటోలు తీసుకున్నాడు, వరద గురించి ఒక్క మాట అడగలేదు. నాకు మింగుడుపడనిది అదే. ఇరవై ఏళ్ళు కట్టాల్సిన లోనుకి ఎవరికీ ఈ ప్రశ్న గుర్తు రాలేదా?

వస్తుందా రాదా అని కాదు నేనడిగేది. ఎంత ఎత్తుకి వస్తుంది, ఎంత తరచుగా వస్తుంది? మామూలు మనిషి ఇది ఎలా తెలుసుకోవాలి?

తాంబరం_తెలుగు

వద్దు. రేపు అమ్ముదామన్నా కొనేవాడు దొరకడు.

పెరంబూరు_పిల్ల

ఇప్పుడు ఈయన దొరికారుగా కొనడానికి :) ఆయన అడిగినదానికి జవాబు చెప్పండి ఎవరైనా.

ముడిచూర్_వాసి

మేం 2009 నుంచి ఇక్కడే. 2015 డిసెంబర్ 1 సాయంత్రం దాకా వీధిలో మోకాలి లోతు నీళ్ళు, నవంబరంతా చూసినవే కదా అనుకున్నాం. చీకటి పడ్డాక నీళ్ళు వీధి వైపు నుంచి కాదు, దొడ్డి వైపు నుంచి వచ్చాయి. బియ్యం డబ్బా, పిల్లల సర్టిఫికెట్లు పట్టుకుని మేడ ఎక్కేసరికి హాల్లో స్విచ్ బోర్డు మునిగింది. రాత్రంతా కింద గ్యాస్ సిలిండర్ తేలుతూ తలుపుకి కొట్టుకుంటూనే ఉంది. మర్నాడు పడవలో బయటపడ్డాం.

ఆ తర్వాత గోడలకి ఎన్నిసార్లు రంగు వేసినా, వానాకాలం వస్తే నీళ్ళు నిలిచిన గీత చెమ్మగా బయటికి వస్తుంది. 2020లో నివర్ తుఫాను అప్పుడు వీధిలోకి వచ్చాయి, 2021 నవంబర్‌లో మళ్ళీ వచ్చాయి, 2023లో మిచాంగ్ అప్పుడూ అంతే. "2015లో తప్ప రాలేదు" అన్న ఓనర్ని ఒకసారి మా వీధికి తీసుకురండి.

అసలు కారణం చెంబరంబాక్కం చెరువు. చెప్పాపెట్టకుండా గేట్లెత్తారు, మేం మునిగాం.

కోట్టూర్‌పురం_కుర్రాడు

నూటికి నూరు శాతం. 29,000 క్యూసెక్కులు వదిలారు. 2018లో అసెంబ్లీ ముందుకొచ్చిన కాగ్ నివేదిక కూడా ఆ గేట్ల నిర్వహణను తప్పుపట్టింది. ఇది మనుషులు తెచ్చిన వరద. గేట్లు సరిగ్గా నడిపితే చాలు, హైడ్రాలజీ లెక్కలు ఎందుకు?

హైడ్రో_బాబాయ్

నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యాను, వలసరవాక్కంలో ఉంటున్నాను. ఒక్కొక్కటీ చెప్తాను.

మొదట మ్యాపు తెరవండి. చెంబరంబాక్కం మిగులు నీళ్ళు కుండ్రత్తూర్ మీదుగా వచ్చి తిరునీర్‌మలై దగ్గర అడయారులో కలుస్తాయి. ముడిచూర్, వరదరాజపురం ఆ కలిసే చోటికి ఎగువన ఉన్నాయి. అంటే అక్కడ ఇళ్ళు ముంచింది చెంబరంబాక్కం నీళ్ళు కాదు. ఆదనూరు, మణిమంగళం, పడప్పై, ఒరత్తూర్ వైపు చెరువుల నుంచి వచ్చిన నీళ్ళు. సైదాపేట, జాఫర్‌ఖాన్‌పేట, కోట్టూర్‌పురం దిగువన ఉన్నాయి కాబట్టి గేట్ల గొడవ వాళ్ళకి వర్తిస్తుంది, కుర్రాడి కోపంలో న్యాయముంది. కానీ పడప్పై_రోడ్ గారి స్థలానికి గేట్లు ఎంత బాగా నడిపినా ఉపయోగం లేదు.

ఇప్పుడు లెక్క. 2015 డిసెంబర్ 2 ఉదయానికి 24 గంటల్లో తాంబరంలో 49 సెంటీమీటర్లు పడింది, చెంబరంబాక్కంలో 47. సులువుగా ఉండడానికి ఎగువన వంద చదరపు కిలోమీటర్ల నేల తీసుకుందాం. దాని మీద 49 సెంటీమీటర్లు అంటే 4 కోట్ల 90 లక్షల ఘనపు మీటర్లు, అంటే 1.73 టీఎంసీలు. చెంబరంబాక్కం పూర్తిగా నిండితే పట్టేది 3.645 టీఎంసీలు. దాదాపు అందులో సగం నీళ్ళు ఒక్కరోజులో ఆకాశం నుంచి దిగాయి, ఆపడానికి ఒక్క గేటు లేదు.

అందులో నేల ఎంత తాగుతుంది? ఆ నవంబర్‌లో నుంగంబాక్కంలో వెయ్యి మిల్లీమీటర్లు దాటింది. నేల అప్పటికే నిండిపోయింది, చెరువులన్నీ కలుజు (మిగులు నీళ్ళు పొర్లిపోయే చోటు) పోస్తున్నాయి. అలాంటప్పుడు నూటికి ఎనభై వంతులు వాగులోకే వస్తాయి. రోజుకి ఒక టీఎంసీ పారాలంటే 11,574 క్యూసెక్కులు కావాలి. ఆ లెక్కన సగటున 16,000 క్యూసెక్కులు. ఇది సగటు మాత్రమే, వరద తారస్థాయిలో ఇంకా ఎక్కువ ఉంటుంది.

నేల విస్తీర్ణాన్ని బట్టి వరద తారస్థాయి అంచనా వేయడానికి మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల నుంచి మన వైపు రైవ్స్ సూత్రం వాడుతున్నారు. తీరానికి 80 కిలోమీటర్ల లోపు ప్రాంతాలకి గుణకం 6.8. అదే వంద చదరపు కిలోమీటర్లకి లెక్కేస్తే సుమారు 5,200 క్యూసెక్కులు వస్తుంది. ఆ లెక్కతో కట్టిన పాత కల్వర్టు ముందు 16,000 వచ్చి నిలబడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

తాంబరం_తెలుగు

బాబాయ్ పోస్టు రెండుసార్లు చదివాను. పదో క్లాసులో ఇలా చెప్పి ఉంటే లెక్కల్లో పాసయ్యేవాళ్ళు ఇంకో పదిమంది ఉండేవాళ్ళు.

ముడిచూర్_వాసి

తిరునీర్‌మలై సంగతి ఒప్పుకుంటాను, మ్యాపులో చూశాను. కానీ బాబాయ్, కింద అంత నీళ్ళు వదిలితే పైనున్న మా నీళ్ళు పోవడానికి దారి ఉండదు కదా? వెనక్కి తన్నదా?

హైడ్రో_బాబాయ్

తన్నుతుంది, మంచి ప్రశ్న. కలిసే చోట మట్టం పెరిగితే ఎగువన కొంత దూరం నీళ్ళు నెమ్మదిస్తాయి. ఆ ప్రభావం ఎంత దూరం వస్తుందన్నది నది వాలు మీద ఉంటుంది. అనకాపుత్తూరు వైపు గట్టిగా ఉంటుంది, మీ దాకా వచ్చేసరికి బాగా తగ్గుతుంది. మీ దగ్గర దానికంటే ముందు చూడాల్సినవి రోడ్డు కట్టలు. అవుటర్ రింగ్ రోడ్డు ఎత్తుగా కట్టారు. దాని కింద నీళ్ళు పోయే దారులు ఎన్ని, ఎంత వెడల్పు, స్థలం కట్టకి ఎగువన ఉందా దిగువనా? ఎగువన ఉంటే కట్ట ముందు నీళ్ళు పేరుకుంటాయి.

వాగు శుభ్రంగా ఉండటం కూడా లెక్కలోదే. సర్కారు తుమ్మ, గుర్రపుడెక్క దట్టంగా పట్టిన వాగులో అదే లోతుకి శుభ్రమైన వాగుతో పోలిస్తే మూడోవంతు నీళ్ళే పోతాయి. వెడల్పు చేశారన్నది నిజమే, మంచి పనే. ఈ అక్టోబర్‌లో తుమ్మ కొట్టారా లేదా అని కూడా వెళ్ళి చూడండి.

నెల్లూరు_చేపలపులుసు

గేట్లున్నా గండం తప్పదు. 2021 నవంబర్ 19 తెల్లవారుజామున చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. స్పిల్‌వే తట్టుకునేది 2.17 లక్షల క్యూసెక్కులు, వచ్చింది 3 లక్షలు దాటింది. పైన పింఛ ప్రాజెక్టు కట్ట తెగి ఆ నీళ్ళూ వచ్చి కలిశాయి. పులపత్తూరు, తొగూరుపేట ఊళ్ళు ఏమయ్యాయో చూశాం. ఆ వారమే మా వైపు పడుగుపాడు దగ్గర పెన్నా వరదకి రైలు కట్ట కొట్టుకుపోయింది, జాతీయ రహదారి కోసుకుపోయింది. చెన్నై నుంచి ఇంటికి పోలేక గూడూరులో ఆగిపోయాం.

ముడిచూర్‌కి పైన ఉన్నవి కూడా గొలుసుకట్టు చెరువులే కదా. ఒకటి తెగితే దాని కిందిది తెగుతుంది. బాబాయ్ లెక్కలో అది లేదు.

హైడ్రో_బాబాయ్

నిజం, నా లెక్కలో అది లేదు, ఉంటే అంకె ఇంకా పెరుగుతుంది. వాన ఒక్కటే చూసి వరద అంచనా వేసేవాళ్ళు వదిలేసేది దీన్నే. పైనున్న చెరువు కట్టల మీద నడిచి చూస్తే చాలా తెలుస్తుంది. కలుజు ముందు గోడ కట్టేశారా, కలుజు నుంచి దిగే కాలువ ఉందా లేక ప్లాట్లయిపోయిందా చూడాలి.

పడప్పై_రోడ్

వందేళ్ళ వరద సంగతి ఎవరూ చెప్పలేదు. 2015లో వచ్చేసింది కాబట్టి ఇక రాదన్న మాటకి ఏమైనా ఆధారం ఉందా?

అన్నానగర్_అక్క

బ్యాంకులో రిస్క్ లెక్కలు చూసే ఉద్యోగం నాది, ఇది నేను చెప్తాను. వందేళ్ళ వరద అంటే ప్రతి ఏడాదీ నూటికి ఒక వంతు అవకాశం ఉన్న వరద. పోయిన ఏడాది వచ్చినా ఈ ఏడాది అదే ఒక వంతు. నదికి పాత సంగతి గుర్తుండదు. మీ ఇరవై ఏళ్ళ లోను కాలంలో అది కనీసం ఒక్కసారి వచ్చే అవకాశం 18 శాతం. అది యాభై ఏళ్ళ వరద అయితే 33 శాతం. పాతికేళ్ళ వరద అయితే 56 శాతం, అంటే రాకపోవడం కంటే రావడానికే ఎక్కువ అవకాశం.

2015 నిజంగా వందేళ్ళదా అన్నదీ ఎవరూ చేతిలో చెయ్యేసి చెప్పలేరు. చెన్నై 1976లో మునిగింది, 1985లో మునిగింది, 2005లో మునిగింది. పైగా అప్పుడు పొలంగా ఉన్నది ఇప్పుడు కాంక్రీటు. పాత వానే పడినా కొత్త వరద వస్తుంది.

తాంబరం_తెలుగు

అక్కా, 18 శాతం అంటే పెద్దగా భయపడాల్సిన అంకె కాదుగా?

అన్నానగర్_అక్క

ఆరుసార్లు విమానం ఎక్కితే ఒకసారి కూలుతుందంటే ఎక్కుతారా?

సర్వే_రాయి

నా పని లేఅవుట్ సర్వే. ఇంట్లో కూర్చుని చేసేవి, కాళ్ళతో చేసేవి రెండూ చెప్తాను.

పట్టా, ఈసీతో ఆగకండి. ఆ సర్వే నంబరుకీ చుట్టూ ఉన్న నంబర్లకీ ఎఫ్‌ఎంబీ (సర్వే కొలతల పటం), 'ఏ' రిజిస్టర్ (ఏ భూమి ఏ రకమో రాసి ఉండే రెవెన్యూ రికార్డు) తీయండి. పక్క నంబరు ఓడై పోరంబోకు (వాగు ఉన్న ప్రభుత్వ భూమి) అని ఉందా, ఇప్పుడు అక్కడ ఓడై కనపడుతోందా? రికార్డులో వాగు ఉండి నేల మీద లేదంటే, వానొస్తే అది తన దారి వెతుక్కుంటుంది. గూగుల్ ఎర్త్‌లో పాత చిత్రాలు వెనక్కి జరిపి చూడండి, ఇరవై ఏళ్ళ కింద అక్కడ వరి మడి ఉందా చెరువు అంచు ఉందా తెలిసిపోతుంది.

ఉచితంగా దొరికే ఎత్తుల డేటా చూసి మోసపోకండి. ఎస్‌ఆర్‌టీఎం అనే ఎత్తుల మ్యాపు 30 మీటర్ల గడి, ఎత్తులో కొన్ని మీటర్ల తేడా ఉంటుంది. మనకి కావాల్సింది అడుగుల్లో లెక్క. సెంటినెల్-1 ఉపగ్రహం రాడార్ చిత్రాలు మబ్బు ఉన్నా నీళ్ళు చూపిస్తాయి, 2014 నుంచి ఉన్నాయి, డబ్బు అక్కర్లేదు. కానీ ఇళ్ళ మధ్య నిలిచిన నీళ్ళు అందులో సరిగ్గా కనపడవు, పైగా ఉపగ్రహం వచ్చే రోజుకి వరద తీసేసి ఉండొచ్చు.

అన్నిటికంటే నమ్మదగిన సాక్ష్యం ముడిచూర్_వాసి గారి గోడ మీద ఉంది. స్థలానికి ఎగువన ఒక ఇల్లు, దిగువన ఒక ఇల్లు పట్టుకోండి, 2015 గీత అడగండి. మేస్త్రీల దగ్గర నీళ్ళు నింపిన పారదర్శకమైన ట్యూబు ఉంటుంది. ఒక కొస గీత దగ్గర పట్టుకుని, రెండో కొసలో నీళ్ళు ఎక్కడ నిలిచాయో పక్క గోడ మీద సుద్దతో గీయండి. అక్కడి నుంచి మళ్ళీ ముందుకి. ట్యూబులో బుడగ ఉంటే మొత్తం తప్పు, నిలువుగా పట్టి బుడగలన్నీ పోయేదాకా ఆగండి. దూరం ఎక్కువుంటే ఆటో లెవెల్ (ఎత్తు తేడా కొలిచే యంత్రం) ఉన్న సర్వేయర్ని పిలవండి, సగం రోజు పని.

రెండు గీతలూ ఎందుకంటే వరద నీళ్ళు నది వెంట కిందికి వాలి ఉంటాయి. మీ స్థలం రెండింటి మధ్య ఎంత దూరంలో ఉందో చూసి, ఆ నిష్పత్తిలో ఎత్తు పంచుకోవాలి.

పెరంబూరు_పిల్ల

లెవెల్ ఒక్కటే చాలదండీ. 2023లో మా పిన్నివాళ్ళ ఫ్లాట్ మూడో అంతస్తు, ఇంట్లోకి చుక్క రాలేదు. కానీ కింద సంపులోకి మురుగు కలిసింది, ఈబీ బాక్సు (కరెంటు మీటర్ల పెట్టె) మునిగి కరెంటు లేదు, లిఫ్టు లేదు, వీధిలో నడుము లోతు. మా బాబాయికి ఇన్సులిన్, ఫ్రిజ్ లేకపోతే ఎలా? చివరికి అపార్ట్‌మెంట్ కుర్రాళ్ళు ఐస్ డబ్బా నెత్తిన పెట్టుకుని తెచ్చారు. బయటికి పోయే రోడ్డు ఎక్కడ మునుగుతుందో కూడా చూసుకోండి.

తాంబరం_తెలుగు

ఆ కుర్రాళ్ళకి బిర్యానీ పెట్టించారా లేదా?

పెరంబూరు_పిల్ల

మా బాబాయి ఇప్పటికీ పెట్టిస్తూనే ఉన్నాడు.

అన్నానగర్_అక్క

ఏ ఇల్లు కొన్నా ఇన్సూరెన్స్ తీసుకోండి. 2021 ఏప్రిల్ నుంచి భారత్ గృహ రక్ష అని సాధారణ బీమా కంపెనీలన్నీ ఇస్తున్నాయి, వరద అందులో ఉంటుంది. లోనుతో పాటు అంటగట్టేది చాలాసార్లు ప్రాణానికి బీమా, ఇంటికి కాదు. కాగితం చదవండి.

పడప్పై_రోడ్

ఆదివారం మేస్త్రీని, ట్యూబుని తీసుకుని వెళ్ళాం. ఎగువ ఇంటాయన తమిళంలోనే అయినా కాఫీ ఇచ్చి మరీ గోడ చూపించాడు, దిగువ ఇంట్లో మెట్ల కింద గీత ఇంకా అలాగే ఉంది. రెండూ కలిపి స్థలం దగ్గరికి తెస్తే నేను నిలబడిన చోట గీత నా ఛాతీ దాటింది. 2021 నీళ్ళు అయితే రోడ్డు మీద చీలమండ దాకా. పక్క సర్వే నంబరు 'ఏ' రిజిస్టర్‌లో ఓడై అనే ఉంది. నేల మీద అక్కడ రెండు ఇళ్ళు, ఒక టైర్ల షాపు.

స్టిల్ట్ మీద (కింద గోడల్లేకుండా స్తంభాలే ఉంచి) కట్టి, ఇల్లు పై అంతస్తులో పెట్టి, ఈబీ బాక్సు, సంపు అన్నీ ఎత్తుకి తీసుకెళ్తే ఎంతవుతుందో మేస్త్రీతో లెక్క వేయించాను. ఆ ఖర్చు కలిపితే తూర్పు తాంబరం రేటే వస్తోంది. అడ్వాన్స్ ఇవ్వలేదు.

కోట్టూర్‌పురం_కుర్రాడు

మట్టి పోసి ఎత్తు చేసుకోవచ్చుగా, అందరూ చేసేది అదే.

హైడ్రో_బాబాయ్

అందరూ చేస్తున్నారు కాబట్టే పాత ఇళ్ళు గుంటల్లో పడుతున్నాయి. మీరు ఛాతీ ఎత్తు మట్టి పోస్తే మీ స్థలంలో నిలవాల్సిన నీళ్ళు పక్కింట్లోకి పోతాయి. స్టిల్ట్ అయితే కింది నుంచి పారనిస్తుంది. నది పక్కన కట్టక తప్పనివాళ్ళు స్టిల్టే కట్టాలి.

ముడిచూర్_వాసి

కొనబోయేవాళ్ళకి తప్పించుకునే దారుంది. మేం ఇప్పటికే ఉన్నాం, ఇల్లు వదిలి ఎక్కడికి పోతాం? చెంబరంబాక్కం మట్టం రోజూ మెట్రోవాటర్ (చెన్నై నీటి సరఫరా బోర్డు) సైటులో వస్తుంది, 24 అడుగులకి ఎంత ఉందో చెన్నై అంతా చూస్తుంది. మా పైనున్న చెరువుల సంగతి మాకెవరు చెప్తారు?

నెల్లూరు_చేపలపులుసు

మణిమంగళం, ఆదనూరు వైపు మీవాళ్ళు ఎవరో ఒకరు ఉంటారు కదన్నా. చెరువు కలుజు పోసిన గంట ఒక వాట్సాప్ మెసేజ్ పెట్టమనండి. మా వైపు ఊళ్ళలో ఇప్పటికీ అలాగే నడుస్తోంది.

హైడ్రో_బాబాయ్

అది చేయండి, ఇంకోటి కూడా. మీ కాలనీల్లో గీతలు రంగు కింద మాయమవక ముందే అన్నీ ఒకచోట చేర్చండి. వీధి పేరు, ఏ ఏడాది వరద, రోడ్డు మధ్య నుంచి గీత ఎన్ని అడుగులు, నీళ్ళు ఏ దిక్కు నుంచి వచ్చాయి, ఎన్ని గంటలకి మొదలయ్యాయి, ఎప్పుడు తీశాయి. పై చెరువు కలుజు పోసిన గంటకీ మీ వీధిలో నీళ్ళు కనపడ్డ గంటకీ మధ్య ఉన్న తేడాయే మీకు దొరికే హెచ్చరిక సమయం. నీటి వనరుల శాఖ వాళ్ళ దగ్గరికి పిటిషన్‌తో వెళ్తే పక్కన పెడతారు, ఇలాంటి పట్టికతో వెళ్తే కూర్చోబెట్టి మాట్లాడతారు. ఆ కుర్చీలో నేను కూర్చున్నవాణ్ణే.

సర్వే_రాయి

లెవెల్ యంత్రం నేను తెస్తాను, డబ్బులేం వద్దు. వచ్చే ఆదివారం ఉదయం ఏడింటికి ముడిచూర్ మెయిన్ రోడ్డు మీద కలుద్దాం. ఎండ ముదిరాక గాలి కదులుతుంది, కొలత సరిగ్గా రాదు. స్టాఫ్ (అంకెలున్న కొలత కర్ర) పట్టుకోవడానికి ఇద్దరు కావాలి.

పడప్పై_రోడ్

ఒకడిని నేను.

పెరంబూరు_పిల్ల

నేను రాసుకుంటాను. పట్టికలో పెద్దవాళ్ళు ఒంటరిగా ఉండే ఇళ్ళకి ఒక గడి పెడుతున్నాను, ఫోన్ నంబర్లు మాత్రం ఇక్కడ కాదు, కాలనీ గ్రూపులోనే.

ముడిచూర్_వాసి

మా వీధి ఇళ్ళన్నిటికీ ఈ సాయంత్రమే చెప్తాను. ఆదివారం టిఫిన్ మా ఇంట్లో, ఏడింటి కంటే ముందే రండి.